ఇంటర్వ్యూకి ముందు మన కొట్టు, మన ఊరు చదువుకోండి

మాది ఆంధ్ర సరిహద్దులో ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడి. నాన్నకి బట్టల కొట్టు. సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నం నుంచి కూడా బేరాలొస్తాయి. నా ఎంబీఏ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న క్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) స్కోరు మీద కాదు, "మీ కొట్లో సరుకు ఎన్నాళ్లకి అమ్ముడుపోతుంది?" అని. నాకు నోట మాట రాలేదు. ఆ ఏడు సీటూ రాలేదు.

అందుకే చెబుతున్నాను, ముందు ఇంటి వ్యాపారం తెలుసుకోండి. రెండోసారి వెళ్లేముందు వారం రోజులు నాన్న పక్కన కూర్చుని ఖాతా పుస్తకం తిరగేశాను. పంట డబ్బు చేతికొచ్చాకే బాకీ తీర్చేవాళ్లెవరు, పండక్కి తెచ్చిన చీరల్లో ఎన్ని మిగిలాయి, అన్నీ రాసుకున్నాను. వర్కింగ్ క్యాపిటల్ అంటే, అదే వ్యాపారం రోజూ నడవడానికి కావాల్సిన డబ్బు అంటే ఏమిటో నాకు నిజంగా అర్థమైంది అప్పుడే.

ఊరి సంగతులూ అడుగుతారు. 1936లో ఒడిశా ఏర్పడటం, అందులో మన పర్లాకిమిడి రాజు కృష్ణచంద్ర గజపతి పాత్ర, నౌపడా నుంచి మన ఊరికి వేసిన 1900 నాటి రైలు మార్గం, వీటి మీద రెండేసి నిమిషాలు మాట్లాడగలగాలి. డిగ్రీ సబ్జెక్టుల్లో రెండు గట్టిగా చూసుకోండి.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. మన పిల్లలకి అసలు టెన్షన్ ఇదే. జవాబులు ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. తెలియనిది తెలియదని చెప్పేయండి. అల్లి చెబితే తర్వాతి ప్రశ్న అక్కడినుంచే వస్తుంది.