భయంగా ఉందని ఇంటివాళ్లు ఫోన్ చేస్తే

"అక్కా, ఎవరో వెంటపడుతున్నారు, ప్రాణం పోయేలా ఉంది" అని ఫోన్ వస్తే మన నోట ముందొచ్చే మాట "ఈ టైంలో అక్కడికెందుకు పోయినావు?" అనే. ఆ తగువు తర్వాత పెట్టుకోవచ్చు.

మొదట అడగాల్సింది "ఎక్కడున్నావు?" ఒక్కటే. తిరుపతిలో అయితే లీలామహల్ సర్కిలా, అలిపిరి దగ్గరా, ఎదురుగా కనిపించే షాపు బోర్డు చదవమనండి. గట్టిగా మాట్లాడలేకపోతే ఊ, ఊహూ అంటే సరిపోయే ప్రశ్నలే వేయండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టమనండి. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని చూపిస్తుంది, 8 గంటలదే నొక్కాలి. ఆ కాల్ కట్ చేయకుండా ఇంకో ఫోన్ నుంచి ఎమర్జెన్సీ నంబర్ 112కి చేసి, ముందు తిరుపతి అని ఊరి పేరు, తర్వాత చోటు, ఆమె వేసుకున్న బట్టల రంగు చెప్పండి. ఈలోగా జనం ఉన్న చోటికి, తెరిచున్న మెడికల్ షాపులోకైనా సరే, వెళ్లమనండి.

డేటా ఆగినా, చార్జింగ్ అయిపోయినా లొకేషన్ రాదు, అందుకే చోటు నోటితోనూ చెప్పించుకోవాలి. భయపెట్టేది ఇంట్లో మనిషే అయితే మాత్రం తిరిగి ఫోన్ చేయొద్దు, మెసేజ్ పెట్టొద్దు, అవి వాడి కంటపడతాయి. నేరుగా 112కి చేయండి.