మెదడు స్కాన్‌ను కొలుద్దాం – 4వ భాగం: హిప్పోకాంపస్ ఎన్ని మిల్లీలీటర్లు?

పోయిన భాగంలో పుర్రెను తీసేసి మెదడును మిగుల్చుకున్నాం. ఈసారి అందులో హిప్పోకాంపస్‌ను కొలుద్దాం. కణతల లోపలివైపు రెండు పక్కలా ఉంటుంది. కొత్త విషయాలు గుర్తుండటానికి ఇది కావాలి. అల్జీమర్స్‌లో ముందుగా కుంచించుకుపోయేవాటిలో ఇదొకటి.

అమలాపురంలోనో భీమవరంలోనో మామ్మగారికి తీయించిన ఎమ్మారై సీడీ ఇంట్లో ఉంది కదా అని దాన్నే ఎక్కించేయకండి. మామూలు స్కాన్‌లో స్లైస్ మందం తరచూ 5 మి.మీ. ఉంటుంది, మధ్యలో కాస్త ఖాళీ కూడా వదులుతారు. డాక్టరుగారు చూసి చెప్పడానికి అది చాలు. 1992లో షెల్టెన్స్ బృందం ఇచ్చిన హిప్పోకాంపస్ ప్రాంతం ఎంత కుంచించుకుపోయిందో చెప్పే 0 నుంచి 4 వరకూ ఉండే స్కోరు కూడా కంటితో చూసి వేసేదే. మన కొలతకు మాత్రం 1 మి.మీ. దరిదాపుల్లో తీసిన త్రీడీ టీ1 (మధ్యలో ఖాళీ వదలకుండా తీసే ఒక రకం ఎమ్మారై) ఉండాలి. పరిశోధన కోసం అందుబాటులో పెట్టిన మెదడు స్కాన్ల ఒయాసిస్ డేటాసెట్‌లో దొరుకుతాయి, అక్కడినుంచి ఒకటి తీసుకోండి.

ఉచితంగా దొరికే ఐటీకే-స్నాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, కరోనల్ (ముఖానికి సమాంతరంగా కోసినట్టుండే) స్లైసుల్లో కుడి హిప్పోకాంపస్‌కు రంగు వేస్తూ పోండి. తెరమీద ఎడమవైపు కనిపించేది సాధారణంగా రోగి కుడివైపు. ‘ఆర్’ అక్షరం ఎటుందో చూసుకోండి. టీ1లో నీరు నల్లగా ఉంటుంది కాబట్టి వెంట్రికిల్ (మెదడు లోపల నీరుండే గది) పక్క అంచు తేలికే. టెన్షనంతా ముందు చివర, అమిగ్డలా అనే పక్క భాగంతో కలిసిపోయేచోట. అక్కడ సాజిటల్‌లో (పక్కనుంచి చూసినట్టుండే స్లైసుల్లో) కూడా చూసి గీత తేల్చుకోండి.

రంగు పడ్డవి 3,200 వాక్సెళ్లు (స్కాన్ బొమ్మలోని చిన్న చిన్న దిమ్మలు) వచ్చాయనుకుందాం. వాక్సెల్ 1×1×1 మి.మీ. అయితే 3.2 మి.లీ. అదే 1×1×1.2 అయితే 3.84. హెడర్ (ఫైల్లో వాక్సెల్ సైజు రాసి ఉండే చోటు) చూడకుండా లెక్క కడితే లేని జబ్బు అంటగట్టినవాళ్లమవుతాం.

తల సైజు కూడా చూడాలి. ఒక మామగారికి 3.2 మి.లీ., అత్తగారికి 2.9 అనుకోండి. ఆవిడదే చిన్నదంటారా? ఆయన పుర్రె లోపలి చోటు 1,550 మి.లీ., ఆవిడది 1,300. భాగిస్తే ఆయనకు 0.206 శాతం, ఆవిడకు 0.223. వయసుతో కూడా ఇది తగ్గుతుంది, కాబట్టి ఆ వయసువాళ్లతోనే పోల్చాలి. ఒక్క అంకె పట్టుకుని జబ్బు పేరు చెప్పేవాళ్లను నేనైతే నమ్మను.

అభ్యాసం: అదే స్కాన్‌కు వారం తర్వాత మళ్లీ రంగు వేయండి. రెండింటిలోనూ పడ్డ వాక్సెళ్లను రెండుతో గుణించి, రెండు లెక్కల మొత్తంతో భాగించండి. దీన్ని డైస్ స్కోరంటారు, 1 వస్తే రెండూ అచ్చంగా ఒకటే. 3,200, 3,000 వచ్చి, ఉమ్మడివి 2,700 అయితే 0.87. రెండోసారి వేసేటప్పుడు మొదటిది తెరిచి చూడకండి.