అమెరికన్ రాక్ బ్యాండ్‌ను మొదటి నుంచి చివరిదాకా ఎలా వినాలి? క్రీడెన్స్‌తో మొదలుపెట్టండి

అమెరికన్ రాక్ వినాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఎవరైనా అడిగితే చాలామంది ఓ వంద పాటల ప్లేలిస్ట్ పంపేస్తారు. అందులో యాభై రకాల గొంతులు, నలభై ఏళ్ల కాలం కలగాపులగంగా ఉంటాయి. పదో పాట దగ్గరికి వచ్చేసరికి ఏది ఎవరిదో గుర్తుండదు. నా మాట వింటే ఒకే ఒక్క బ్యాండ్‌ను పట్టుకోండి. దాని ఆల్బమ్‌లు ఏ వరసలో వచ్చాయో ఆ వరసలోనే వినండి.

మనకు పాట అంటే సినిమా పాటే. రాసేది ఒకరు, బాణీ కట్టేది ఇంకొకరు, పాడేది మరొకరు. పాటకు సందర్భాన్ని కథ ఇస్తుంది. రాక్ బ్యాండ్‌లో అలా కాదు. రాసినవాళ్లే వాయిస్తారు, పాడతారు. సందర్భం కూడా వాళ్ల బతుకులోంచే వస్తుంది. అందుకే వరస తప్పితే సగం పోతుంది.

మొదటి బ్యాండ్‌గా నేను చెప్పేది క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్. 1968 నుంచి 1972 దాకా ఏడు స్టూడియో ఆల్బమ్‌లు, అన్నీ కలిపి దాదాపు 4 గంటలు. బాణీలు ఒక్కసారి వింటే నోట్లో ఆడతాయి. ఒక బ్యాండ్ పుట్టుక, వెలుగు, పగుళ్లు, గొడవలు అన్నీ ఆ నాలుగేళ్లలోనే కనిపిస్తాయి.

1. ముందు ఆ నలుగురినీ గుర్తుపట్టండి

జాన్ ఫోగర్టీ ముఖ్య గాయకుడు, లీడ్ గిటార్, దాదాపు అన్ని పాటల రచయిత. అతని అన్న టామ్ ఫోగర్టీ రిథమ్ గిటార్, అంటే పాట వెనక లయను నిలబెట్టే గిటార్. స్టూ కుక్ మంద్రంగా మోగే బేస్ గిటార్, డగ్ క్లిఫర్డ్ డ్రమ్స్. ఊరు కాలిఫోర్నియాలో, శాన్ ఫ్రాన్సిస్కోకు దగ్గర్లో ఉన్న ఎల్ సెరిటో. జాన్, స్టూ, డగ్ స్కూల్లో కలిసి చదువుకున్నవాళ్లు. 1959 నుంచే బ్లూ వెల్వెట్స్ అనే పేరుతో కలిసి వాయించేవాళ్లు. 1964లో ఫాంటసీ రికార్డ్స్ అనే చిన్న కంపెనీలో చేరాక వాళ్లకు గాలివాగ్స్ అని ఇంకో పేరు పెట్టారు. ఆ పేరు వాళ్లకు అస్సలు నచ్చలేదు. ఇప్పుడున్న పేరు పెట్టుకునేసరికి కలిసి ఎనిమిదేళ్లు దాటింది.

ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మొదట్లో ముందు నిలబడి పాడింది అన్న టామ్. తర్వాత తమ్ముడి గొంతులో ఉన్న జోరు చూసి పక్కకు జరిగి, రిథమ్ గిటార్‌కు పరిమితమయ్యాడు. చివర్లో జరిగిన గొడవలకు విత్తనం ఇక్కడే పడింది.

2. మొదటి రోజు మూడు పాటలే

మొదటి రోజే ఆల్బమ్ జోలికి వెళ్లకండి. "బ్యాడ్ మూన్ రైజింగ్", "ఫార్చునేట్ సన్", "హావ్ యూ ఎవర్ సీన్ ద రెయిన్" ఈ మూడే వినండి. మొదటి రెండూ రెండున్నర నిమిషాలు కూడా ఉండవు. ఒక్కోటీ రెండు మూడుసార్లు వినండి. ఇంగ్లిష్ మాటలు అర్థం కాకపోతే టెన్షన్ పడక్కర్లేదు. "బ్యాడ్ మూన్ రైజింగ్"లో పల్లవి చివరి మాటలను "కుడిపక్కన బాత్రూమ్ ఉంది" అన్నట్టు వినేవాళ్లు అమెరికాలోనే లెక్కలేనంతమంది. ఆ సంగతి తెలిసి, తర్వాత కచేరీల్లో ఫోగర్టీ కావాలనే అలా పాడేవాడు.

ఈ మూడూ నచ్చకపోతే ఈ బ్యాండ్ మీకు కాదు. ఇంకో బ్యాండ్ వెతుక్కోండి. నచ్చితే కిందికి రండి.

3. హిట్ పాటల సంకలనాన్ని పక్కన పెట్టండి

1976లో వచ్చిన "క్రానికల్" అనే 20 పాటల సంకలనం బాగా పేరున్నది. ఏ యాప్‌లో వెతికినా ముందు అదే కనిపిస్తుంది. కారులో పెట్టుకోవడానికి మంచిదే కానీ, బ్యాండ్‌ను తెలుసుకోవడానికి పనికిరాదు. పొడవాటి పాటను కూడా అందులో కత్తిరించి పెట్టారు. మొదటి ఆల్బమ్‌లోని "సూజీ క్యూ" అసలు నిడివి 8 నిమిషాలకు పైనే. డేల్ హాకిన్స్ 1950ల్లో పాడిన చిన్న పాటను తీసుకుని, గిటార్‌తో అంత దూరం లాక్కెళ్లారు. ఆ సాగదీతలోనే ఆ కుర్రాళ్ల ఆత్మవిశ్వాసం వినిపిస్తుంది. సంకలనంలో అది దాదాపు సగమే మిగిలింది.

1968 నాటి ఆ మొదటి ఆల్బమ్‌ను ఒక్కసారి వింటే చాలు. అసలు పండగ తర్వాతి ఏడాదిలో ఉంది.

4. 1969కి తీరిగ్గా సమయం ఇవ్వండి

ఒక్క ఏడాదిలో మూడు ఆల్బమ్‌లు: జనవరిలో "బేయూ కంట్రీ", ఆగస్టులో "గ్రీన్ రివర్", శీతాకాలం మొదట్లో "విల్లీ అండ్ ద పూర్ బాయ్స్". మూడూ మంచివే. ఒక మనిషి ఒకే ఏడాది ఇన్ని మంచి పాటలు రాయడం రాక్ చరిత్రలో నాకు తెలిసి చాలా అరుదు. వారానికి ఒక ఆల్బమ్ చొప్పున వినండి, తొందరపడకండి.

"బేయూ కంట్రీ"ని "బార్న్ ఆన్ ద బేయూ"తో మొదలుపెట్టి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ముందు గిటార్ ఒక్కటే వస్తుంది. ఆ ధ్వని నిలకడగా ఉండదు. నీళ్ల మీద పడ్డ వెలుతురులా హెచ్చుతూ తగ్గుతూ అల్లాడుతుంది. ఆ వణుకు యాంప్లిఫయర్‌లో ఉండే ట్రెమెలో అనే సదుపాయం వల్ల వస్తుంది. పాట దాదాపు అంతా ఒకే కార్డ్ మీద, అంటే కలిపి మోగించే ఒకే స్వరాల గుంపు మీద నడుస్తుంది. డ్రమ్స్ పరిగెత్తవు, కాస్త వెనకబడినట్టే వస్తాయి. బేయూ అంటే చిత్తడి వాగు. అమెరికా దక్షిణాదిలోని లూసియానా చిత్తడి నేలల్లో పుట్టి పెరిగినవాడి పాటలా ఉంటుంది. పాడింది మాత్రం కాలిఫోర్నియా కుర్రాడు. అది రాసేనాటికి అతను ఆ చిత్తడి నేలలను చూసినవాడు కాదు. రేడియోలో, రికార్డుల్లో విన్న దక్షిణాది సంగీతంతో ఒక ఊరినే కట్టుకున్నాడు. కొందరు దీన్ని నకిలీ అంటారు. నేను ఒప్పుకోను. ఆ ఊరు అతని ఊహలో ఎంత గట్టిగా నిలబడి ఉందో ఆ గిటారే చెబుతుంది.

ఇదే ఆల్బమ్‌లో "ప్రౌడ్ మేరీ" ఉంది. 1968లో సైన్యం రిజర్వ్ విభాగం నుంచి తనను విడుదల చేస్తూ కాగితం వచ్చినప్పుడు, ఆ సంతోషంలో ఫోగర్టీ రాసిన పాట ఇది. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆ కాగితం అంటే ప్రాణం లేచొచ్చినట్టే. పట్నంలో ఉద్యోగం వదిలేసి నది మీద పడవెక్కిన మనిషి పాటలో ఆ తేలిక ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. మొదట్లో మెట్లు దిగుతున్నట్టు వచ్చే గిటార్ కార్డ్‌లకు బీథోవెన్ ఐదో సింఫనీ ఆరంభం స్ఫూర్తి అని అతనే చెప్పాడు.

"గ్రీన్ రివర్" అరగంట కూడా ఉండదు. ఆ నది పాటలో దక్షిణాదిది అనిపిస్తుంది కానీ, చిన్నప్పుడు ఇంట్లోవాళ్లతో సెలవులకు వెళ్లిన ఉత్తర కాలిఫోర్నియా వాగు అది. పుటా క్రీక్ దాని అసలు పేరు. పాట పేరేమో సోడా షాపులో చూసిన ఒక షర్బత్ సీసా లేబుల్ మీదిది. "లోడై" పాట కూడా వదలకండి. పేరు రాని గాయకుడు, తిరుగు ప్రయాణానికి డబ్బుల్లేక ఒక చిన్న ఊళ్లో ఇరుక్కుపోతాడు. హిట్ల మీద హిట్లు వస్తున్న సమయంలో రాసిన పాట ఇది. మూడు నిమిషాల్లో ఓటమి గురించి ఇంత నిబ్బరంగా చెప్పిన పాట నేను వేరే వినలేదు.

5. ఒక్కో వాయిద్యాన్ని విడిగా వినడం అలవాటు చేసుకోండి

మనం మొదట గొంతు వింటాం, చాలాసార్లు గొంతు మాత్రమే వింటాం. క్రీడెన్స్‌లో చప్పుడు తక్కువ, పొరలు తక్కువ కాబట్టి ఈ అభ్యాసానికి ఇంతకంటే మంచి బ్యాండ్ దొరకదు. "విల్లీ అండ్ ద పూర్ బాయ్స్"లో మొదటి పాట "డౌన్ ఆన్ ద కార్నర్" తీసుకోండి. నాలుగుసార్లు వినాలి.

మొదటిసారి డ్రమ్స్ మీదే చెవి పెట్టండి. కౌబెల్ అనే, పుల్లతో కొట్టే లోహపు గంట టకటకమంటూ పాటను నడిపిస్తుంది. రెండోసారి బేస్ వినండి. ఆ పాటలో మీరు ఈల వేసుకునే ముక్కలో బేస్ వాటా చాలా ఉంది. మూడోసారి రిథమ్ గిటార్. టామ్ వాయించేదాంట్లో విశేషం ఏమీ లేనట్టుంటుంది, కానీ అది తీసేస్తే పాట కూలిపోతుంది. నాలుగోసారి మామూలుగా వినండి. అదే పాట ఇప్పుడు వేరేగా వినిపిస్తుంది.

6. మాటలను వాటి కాలంలో పెట్టి చదవండి

"ఫార్చునేట్ సన్" వినే ముందు రెండు సంగతులు తెలియాలి. అప్పట్లో అమెరికాలో కుర్రాళ్లను నిర్బంధంగా సైన్యంలోకి తీసుకుని వియత్నాం పంపేవాళ్లు. పలుకుబడి ఉన్నవాళ్ల పిల్లలు మాత్రం రకరకాల దారుల్లో తప్పించుకునేవాళ్లు. 1968 డిసెంబర్లో మాజీ అధ్యక్షుడు ఐసన్‌హోవర్ మనవడికీ, కాబోయే అధ్యక్షుడు నిక్సన్ కూతురికీ పెళ్లయింది. వాళ్లలాంటివాళ్లకు యుద్ధం సెగ తగలదన్న కోపంలోంచి ఫోగర్టీ ఈ పాట రాశాడు. ఫోగర్టీ సైన్యం రిజర్వ్‌లో, క్లిఫర్డ్ కోస్ట్ గార్డ్ రిజర్వ్‌లో పనిచేసినవాళ్లే. కాబట్టి ఆ కోపం సైనికుల మీద కాదు, వాళ్లను పంపించేవాళ్ల మీద. ఈ పాటను జెండా ఊపే దేశభక్తి గీతంలా వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒక్కసారి సాహిత్యం చదివితే ఆ పొరపాటు జరగదు.

"రన్ త్రూ ద జంగిల్" ఇంకో ఉదాహరణ. అందరూ వియత్నాం అడవి అనుకున్నారు. అమెరికాలోనే జనం చేతుల్లో పెరిగిపోతున్న తుపాకుల గురించి రాశానని ఫోగర్టీ చెప్పాడు.

7. శిఖరం: కాస్మోస్ ఫ్యాక్టరీ

1970 జులైలో వచ్చింది. డగ్ క్లిఫర్డ్ ముద్దుపేరు కాస్మో. బర్క్‌లీలో వాళ్లు రోజూ సాధన చేసే చోటికి ఫ్యాక్టరీ అని పేరు పెట్టుకున్నారు, ఫ్యాక్టరీకి వెళ్లినంత కచ్చితంగా వెళ్లేవాళ్లు కాబట్టి. ఆల్బమ్ అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. చిత్రమేమంటే, బిల్‌బోర్డ్ అనే అమెరికన్ పత్రిక వేసే పాటల పట్టికలో మాత్రం వాళ్ల సింగిల్స్ (విడిగా విడుదల చేసిన పాటలు) ఐదు రెండో స్థానం దాకా వెళ్లి ఆగిపోయాయి. మొదటి స్థానం ఒక్కసారీ దక్కలేదు.

ఇందులో 11 నిమిషాల "ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్" ఉంది. అంతకుముందే మార్విన్ గే పాడగా ఊపేసిన పాట. రెండూ వెంటవెంటనే వినండి. ఒకే పాట ఇద్దరి చేతుల్లో ఎంత మారుతుందో పుస్తకాలు చదివితే తెలిసేది కాదు. ఆ తర్వాత "ప్రౌడ్ మేరీ"ని ఐక్, టీనా టర్నర్ 1971లో చేసిన రూపంలో వినండి. మెల్లగా మొదలై ఒక్కసారిగా పరుగందుకుంటుంది. నాకు రెండూ ఇష్టమే, కానీ నది నడక మాత్రం క్రీడెన్స్ దగ్గరే ఉంది.

8. పగుళ్లు వినండి

1970 చివర్లో వచ్చిన "పెండ్యులమ్"లో ఆర్గన్, సాక్సోఫోన్ ఎక్కువగా వినిపిస్తాయి. మొదటి రోజు విన్న "హావ్ యూ ఎవర్ సీన్ ద రెయిన్" ఇందులోదే. ఎండ కాస్తుండగానే పడే వాన గురించిన పాట. పేరు, డబ్బు అన్నీ ఉన్నా బ్యాండ్‌లో ఎవరికీ సంతోషం లేని రోజుల మీద రాశానని ఫోగర్టీ అన్నాడు. ఇన్ని ఆల్బమ్‌ల తర్వాత వింటే ఆ మూడు నిమిషాల బరువు మీకే తెలుస్తుంది.

రాసేది, పాడేది, నిర్ణయించేది అన్నీ జానే. మిగతా ముగ్గురికీ అది మింగుడుపడలేదు. 1971 మొదట్లో అన్న వెళ్లిపోయాడు. మిగిలిన ముగ్గురూ 1972లో "మార్డీ గ్రా" తెచ్చారు. అందులో ముగ్గురూ రాశారు, ముగ్గురూ పాడారు. ఆ ఏర్పాటు వాళ్లు అడిగితేనే చేశానని ఫోగర్టీ అంటే, అతనే మా నెత్తిన పెట్టాడని వాళ్లంటారు. ఆల్బమ్ బలహీనంగానే ఉంది. "సమ్‌డే నెవర్ కమ్స్" ఒక్కటి మాత్రం తప్పక వినండి. తండ్రి దూరమైన పిల్లవాడు పెద్దయి తనూ అదే చేసే కథ. ఆ అక్టోబర్లో బ్యాండ్ విడిపోయింది.

9. తర్వాతి గొడవ కూడా తెలుసుకుని, సరైన రికార్డింగ్ ఎంచుకోండి

ఫాంటసీ అధిపతి సాల్ జెంట్జ్‌తో ఉన్న ఒప్పందం నుంచి బయటపడటానికి ఫోగర్టీ పాత పాటల రాయల్టీలు వదులుకున్నాడు. ఏళ్ల తరబడి ఆ పాటలను స్టేజి మీద పాడనే లేదు. 1984 చివర్లో సొంతంగా తెచ్చిన పాట తన పాత "రన్ త్రూ ద జంగిల్"కు కాపీ అని ఫాంటసీ కేసు వేసింది. తన పాటనే తాను కాపీ కొట్టాడన్న ఆరోపణ అది! ఫోగర్టీ కోర్టుకు గిటార్ తీసుకెళ్లి, పాటలు ఎలా పుడతాయో వాయించి చూపించాడు. 1988లో గెలిచాడు. లాయర్ల ఖర్చు గురించిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1994లో అక్కడా అతని వైపే తీర్పు వచ్చింది. ఆ పాటల ప్రచురణ హక్కుల్లో అధిక భాగం మాత్రం 2023లో గానీ అతని చేతికి రాలేదు.

2025లో ఫోగర్టీ పాత పాటలను మళ్లీ రికార్డు చేశాడు. అవి జాన్ ఫోగర్టీ పేరు మీద ఉంటాయి. యాప్‌లో వెతికేటప్పుడు పాట పక్కన బ్యాండ్ పేరు, ఆల్బమ్ పేరు రెండూ సరిచూసుకోండి. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివిజిటెడ్ అని కనిపిస్తే అది కుక్, క్లిఫర్డ్ 1995లో పెట్టుకున్న వేరే బ్యాండ్. ముందు నలుగురూ కలిసి వాయించినవి విని, తర్వాత ఇవి వినండి. 1969 వుడ్‌స్టాక్ ఉత్సవంలో అర్ధరాత్రి దాటాక వాళ్లు చేసిన కచేరీ కూడా ఇప్పుడు దొరుకుతుంది. జనం సగం నిద్రలో ఉన్నారని, బాగా రాలేదని ఫోగర్టీ దాన్ని ఆ ఉత్సవం మీద తీసిన సినిమాలో పెట్టనివ్వలేదు. 2019లో ఆల్బమ్‌గా విడుదలయ్యాక వింటే, ఆ రాత్రి నలుగురూ బ్రహ్మాండంగా వాయించారు.