కడప ఇంటి కంప్యూటర్‌కి సొంత వీపీఎన్: నా అనుభవం

నాన్న షాపు లెక్కలన్నీ కడపలో ఇంటి కంప్యూటర్‌లోనే ఉంటాయి. బెంగళూరు నుంచి వాటిని చూడాలంటే నెలనెలా డబ్బు కట్టే వీపీఎన్ (ఇంటర్నెట్‌లో రహస్యంగా సాగే ప్రైవేటు దారి) మామూలుగా పనికిరాదు. అది మన ఐపీని (ఇంటర్నెట్ అడ్రసును) దాస్తుంది గానీ మన ఇంట్లోకి దారి ఇవ్వదు. అందుకే సొంత వీపీఎన్ నడిపే వైర్‌గార్డ్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టాను.

బయటి నుంచి వైర్‌గార్డ్‌కి దారి ఇచ్చే 51820 యూడీపీ పోర్టును రౌటర్‌లో తెరిచినా కనెక్ట్ కాలేదు. వాన్ ఐపీ (ఇంటర్నెట్ కంపెనీ రౌటర్‌కి ఇచ్చే అడ్రసు) చూస్తే 100.72తో మొదలైంది. 100.64 నుంచి 100.127 దాకా ఉండేవి సీజీనాట్ అడ్రసులు, అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లు పంచుకుంటాయి. అక్కడ పోర్టు తెరవడం మన చేతిలో ఉండదు.

అందుకే సొంత పబ్లిక్ ఐపీ ఉన్న చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకుని, అందులో ఐపీ ఫార్వర్డింగ్ (ఒకరి డేటాను ఇంకొకరికి చేరవేసే సెట్టింగ్) ఆన్ చేసి, ఇంటి కంప్యూటరే దానికి కనెక్ట్ అయ్యేలా మార్చాను. ఇంటి వైపు పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ (దారి మూసుకుపోకుండా అప్పుడప్పుడూ చిన్న సందేశం పంపే సెట్టింగ్) 25 సెకన్లు పెట్టాకే కనెక్షన్ నిలబడింది. ఈ సెట్టింగ్ మాత్రం మరవొద్దు! వేరే దేశం ఐపీ కావాలనుకునేవాళ్లకు కొనుక్కున్న సర్వీసే నయం.