బైబిలు హీబ్రూ స్వయంబోధిని – 7వ పాఠం: ‘మాషీఅఖ్’

మూడు హల్లుల ధాతువును గుర్తించడం గత పాఠంలో అభ్యసించాం. ఆ హల్లుల మధ్య చేరే అచ్చులు అర్థాన్ని ఎలా మలుస్తాయో ఈ పాఠంలో ‘మాషీఅఖ్’, అంటే ‘అభిషిక్తుడు’, అనే ఒక్క పదాన్ని ఆధారంగా చేసుకొని నేర్చుకుందాం.

దీని ధాతువు మేమ్, షీన్, ఖేత్, మూలార్థం ‘పూయు’. యిర్మీయా 22వ అధ్యాయంలో ఇంటికి ఎర్రరంగు పూయడానికీ, నిర్గమకాండం 29వ అధ్యాయంలో పొంగని పలుచని రొట్టెలకు నూనె రాయడానికీ ఇదే ధాతువు వాడారు. తెలుగులో ‘అభిషేకం’ అనగానే నీళ్లో పాలో ధారగా పోయడం మనసులో మెదులుతుంది కనుక, హీబ్రూ చదివేటప్పుడు తైలపు పూతనే తలచుకోవడం మంచిది.

ఇక అచ్చులు. మొదటి హల్లు తరువాత ‘ఆ’, రెండవ దాని తరువాత ‘ఈ’ చేరితే చాలా చోట్ల ఆ క్రియకు లోనైన వ్యక్తి అనే అర్థం వస్తుంది: కట్టు అనే ధాతువు నుంచి ‘ఆసీర్’, అంటే బంధితుడు, ఎన్నుకొను అనే ధాతువు నుంచి ‘బాఖీర్’, అంటే ఎన్నుకోబడినవాడు. సంస్కృతం నుంచి మనకు వచ్చిన బద్ధ, అభిషిక్త వంటి రూపాలు తెలిసిన తెలుగు పాఠకుడికి ఇది సులభంగానే పట్టుబడుతుంది. ‘మాషీఖ్’ అని కాక ‘మాషీఅఖ్’ అని పలకడానికి కారణం, గొంతు నుంచి పుట్టే ఖేత్ పదం చివర నిలిచినప్పుడు దాని ముందు చిన్న అకారం చొరబడడమే.

ఈ నిర్మాణం పట్టుబడితే గ్రంథంలోని వాడుక స్పష్టమవుతుంది. లేవీయకాండం 4వ అధ్యాయంలో ‘హక్కోహెన్ హమ్మాషీఅఖ్’ అంటే అభిషిక్తుడైన యాజకుడు. సమూయేలు తైలం పోసిన సౌలు, తనను వెంటాడి తరిమినా, దావీదుకు యెహోవా అభిషిక్తుడే. అందుకే అతనిమీద చెయ్యి వేయలేదు. అన్నిటికంటె ఆలోచింపజేసేది యెషయా 45వ అధ్యాయం: అక్కడ ఈ మాట ఇశ్రాయేలీయుడు కాని పారసీక రాజు కోరెషుకు వర్తించింది. రాబోయే విమోచకుడు అనే అర్థం ఈ పదానికి తరువాతి కాలంలో స్థిరపడింది. గ్రీకులో ‘క్రిస్తోస్’ అన్న అనువాదం, దాని నుంచి మన ‘క్రీస్తు’ ఆ దారినే వచ్చాయి. ఆ అర్థాన్ని పాత వాక్యాలన్నిటిమీదా ముందే పరచి చదివితే కోరెషు దగ్గర అర్థం కుదరదు. అందుచేత ముందుగా రూపాన్నీ, తరువాత సందర్భాన్నీ చూడాలని గట్టిగా కోరుతున్నాను.

కోరెషు వాక్యంలో కనిపించే రూపం ‘లిమ్‌షీఖో’. ‘లె’ అంటే ‘కు’. చివరి ‘ఓ’ అంటే ‘అతని’. పదం పొడవై ఊనిక చివరికి జరగడంతో మొదటి ‘ఆ’ క్షీణించింది. ఖేత్ తరువాత అచ్చు వచ్చినందున చొరబడిన అకారం తొలగింది.

అభ్యాసం: సమూయేలు మొదటి గ్రంథం 24వ అధ్యాయంలో దావీదు మాటల్లో ‘లిమ్‌షీఅఖ్’ ఉంది. మొదటి ‘ఆ’ ఇక్కడా క్షీణించినా, చివరి అకారం ఎందుకు నిలిచిందో రాయండి. అలాగే, ‘షినాయిమ్’ అంటే పళ్లు అని గుర్తుంచుకొని, నేటి హీబ్రూలోని ‘మిష్‌ఖత్ షినాయిమ్’ ఏ నిత్యావసర వస్తువో ధాతువు ఆధారంగా చెప్పండి. జవాబులు 8వ పాఠం ఆరంభంలో ఉంటాయి.