బండి మీది క్రోమ్‌కి మెరుపు తెప్పించడం ఎలా?

పాత బండి చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, బంపర్ మీద తుప్పు చుక్కలు చూసి గిన్నెలు తోమే పీచుతో రుద్దడం. పది నిమిషాల్లో తుప్పు పోతుంది, దాని వెనకే మెరుపూ పోతుంది. ఆ తర్వాత నాకు చూపించి "ఎంత పాలిష్ పెట్టినా తళతళ రావట్లేదండీ" అంటారు. ఇక రాదు. మెరవాల్సింది పీచుకు అంటుకుని పోయింది మరి.

ఒక్క సంగతి తెలిస్తే ఈ తప్పుల్లో సగం ఆగిపోతాయి. క్రోమ్ బంపర్‌లో మనం మురిసిపోయే ఆ అద్దంలాంటి నునుపు నిజానికి క్రోమ్‌ది కాదు, కింద ఉన్న నికెల్‌ది. ఇనుము మీద తరచుగా ముందు ఒక రాగి పూత, దాని మీద పది నుంచి ముప్ఫై మైక్రాన్ల నికెల్ పూత, అన్నిటికంటే పైన క్రోమ్ పూత వేస్తారు. ఆ పైపూత సాధారణంగా ఒక మైక్రాన్ కూడా ఉండదు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి ఎంత పల్చనో మీరే లెక్కేసుకోండి. క్రోమ్ చేసే పని రెండే: నికెల్ పసుపు పట్టకుండా కాపలా కాయడం, ఆ మెరుపుకి చల్లటి నీలి ఛాయ ఇవ్వడం. 1920ల చివర్లో క్రోమ్ పూత వాడుకలోకి రాకముందు కార్లకు ఒట్టి నికెల్ పూతే ఉండేది, రుద్దుతూ ఉంటే తప్ప మెరిసేది కాదు. క్రోమ్ వచ్చాక ఆ చాకిరీ తప్పింది. 1959 కాడిలాక్ ఫొటో చూస్తే, ఆ సౌకర్యం దొరికిన ఆనందంలో ఎంత దూరం వెళ్లిపోయారో తెలుస్తుంది.

కాబట్టి మనం క్రోమ్‌ని పాలిష్ చెయ్యడం లేదు. దాని మీది మురికిని, తుప్పుని తీస్తున్నాం, అంతే.

కావలసినవి

రెండు బకెట్లు, కారు షాంపూ, పాత టూత్‌బ్రష్, నాలుగైదు మెత్తటి నూలు గుడ్డలు, వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్, క్రోమ్ పాలిష్, వాక్స్. మైక్రోఫైబర్ గుడ్డే కావాలని పట్టుబట్టేవాళ్లున్నారు. ఎన్నోసార్లు ఉతికిన పాత బనియన్‌ని మించిన గుడ్డ నాకింతవరకు కనబడలేదు. కుట్లు మాత్రం కత్తిరించేయండి.

1. అది నిజంగా క్రోమేనా?

మెరిసేదంతా క్రోమ్ కాదు. ఈ రోజుల్లో గ్రిల్, లోగో, డోర్ హ్యాండిల్ ఎక్కువగా ప్లాస్టిక్ మీద వేసిన పూతే. కిటికీల చుట్టూ ఉండే పట్టీ స్టీలో అల్యూమినియమో అయి ఉండొచ్చు. పొద్దున్నే చెయ్యి పెట్టి చూడండి, లోహమైతే చల్లగా తగులుతుంది. గోటితో కొడితే ప్లాస్టిక్ 'టప్' మని చప్పగా పలుకుతుంది. అయస్కాంతం అంటుకుంటే కింద ఇనుము ఉన్నట్టే, అయితే కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలుకీ అంటుకుంటుంది, దాన్ని ఒక్కదాన్నే నమ్మకండి. ఇంకా తేలకపోతే కనబడని మూల కొంచెం పాలిష్ పెట్టి రుద్దండి. గుడ్డ బాగా నల్లబడితే అది పూత లేని అల్యూమినియం, క్రోమ్ అంత నలుపు వదలదు.

ప్లాస్టిక్ అని తేలితే షాంపూ నీళ్లతో కడిగి, వాక్స్ పెట్టి వదిలేయండి. 3వ అంచె మీకు కాదు.

2. కడగడం

నీడలో, బండి చల్లగా ఉన్నప్పుడు, పొద్దున పూట. సాయంత్రం చేస్తే మరక ఎక్కడ మిగిలిందో కనబడదు. ఇసుక, దుమ్ము ముందు ఒట్టి నీళ్లతో పోనివ్వండి, తర్వాత షాంపూ నీళ్లు, సందుల్లో టూత్‌బ్రష్.

బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం పొరపాటున కూడా దగ్గరికి రానీయకండి. అందులో ఉండే హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తోనే పూత వేసేవాళ్లు పాత క్రోమ్‌ని కరిగించి తీసేస్తారు. "ఒక్క నిమిషం పోసి కడిగేశాను, భలే మెరిసింది" అని చెప్పేవాళ్ల బంపర్‌ని ఆర్నెల్లయ్యాక చూడాలి.

3. తుప్పు తీయడం

ఇక్కడ తొందరపడేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేసి బండి అలాగే ఉంచుకోవడం మంచిది.

క్రోమ్ తుప్పు పట్టదు. దానిలో కంటికి కనబడని పగుళ్లు, సన్నటి రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి నీళ్లు, ఉప్పు దిగి, నికెల్‌లోని రంధ్రాల గుండా ఇనుము దాకా చేరతాయి. ఇనుము తుప్పు పట్టి ఉబ్బి, అదే రంధ్రం గుండా పైకి కక్కుతుంది. మీకు కనబడే గోధుమరంగు చుక్క ఆ కక్కు. చుట్టూ పరుచుకున్న మరకని తీయగలం, రంధ్రాన్ని పూడ్చలేం. దీన్ని మనసులో పెట్టుకుని మొదలుపెట్టండి.

ఫాయిల్‌ని అరచేతిలో సగం ఉండేలా మడిచి నీళ్లలో ముంచండి. తుప్పు ఉన్నచోట కూడా నీళ్లు చల్లండి. మెరుపు వైపా, మసక వైపా అన్న చర్చ అక్కర్లేదు, రెండూ ఒకటే. ఇప్పుడు చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దండి. బలం ఎంత అంటే, కళ్లజోడు తుడిచేటంత. అంతకు మించి అవసరమయిందంటే మీరు తప్పు చోట రుద్దుతున్నారని అర్థం. అల్యూమినియం క్రోమ్ కంటే చాలా మెత్తన, అందుకే మామూలుగా గీత పడదు. పైగా అల్యూమినియానికి ఆక్సిజన్ అంటే ఇనుముకన్నా ఆశ ఎక్కువ, తడి తగిలితే తుప్పులోని ఆక్సిజన్‌ని అదే లాక్కుంటుందని చెబుతారు. ఏదేమైనా పని ఫాయిల్ చెయ్యాలి, మీ భుజం కాదు.

నిమిషం తిరిగేసరికి బూడిదరంగు బురద వస్తుంది. దాన్ని ఎండనీయొద్దు. నీళ్లు పోసి కడగండి, చూడండి, మళ్లీ తడపండి, ఫాయిల్ నలిగి చిరగగానే కొత్తది తీయండి. ఫాయిల్ మిగుల్చుకుందామని అదే ముక్కతో బంపర్ మొత్తం లాగించేవాళ్లని చూశాను. ఆ ముక్కలో అప్పటికి తుప్పు పొడి, ఇసుక అన్నీ ఉంటాయి, అంటే మీ చేతిలో ఉన్నది గరుకు కాగితమే.

ఎప్పుడు ఆపాలన్నదే అసలు విద్య. కడిగాక గోరుతో మెల్లగా తడమండి. నున్నగా జారితే అయిపోయింది, నల్లటి సూదిమొన చుక్కలు మిగిలినా సరే. అవి మరకలు కావు, గుంటలు. గోరు ఎక్కడైనా అంచుకి తగిలి ఆగితే అక్కడ పూత పొరలా లేస్తోంది. అక్కడ ఇంకొక్కసారి రుద్దినా చిల్లర బిళ్లంత ఊడి వస్తుంది. మెరుపు కొంచెం పసుపుగా మారినట్టు అనిపిస్తే, నికెల్ బయటపడింది. ఎర్రగా కనబడితే రాగి. ఏది కనబడినా చెయ్యి తీసేయండి.

ఒంపులు, మూలల దగ్గర ఇంకా జాగ్రత్త. పూత వేసేటప్పుడు లోతైన చోట్లకి కరెంటు తక్కువ అందుతుంది, అక్కడ పూత మిగతాచోట్ల కంటే పల్చగా పడుతుంది. తుప్పు ముందు మొదలయ్యేదీ అక్కడే, మనం కసిగా రుద్దేదీ అక్కడే.

గరుకు కాగితం ఎంత సన్నదైనా వద్దు. నేను తెలియని రోజుల్లో 2000 నంబరు కాగితంతో ఒక స్కూటర్ హెడ్‌లైట్ చట్రాన్ని "కొంచెం" రుద్దాను. రూపాయి బిళ్లంత మేర ఆవిరి పట్టిన అద్దంలా అయింది, ఆ బండి అమ్మేదాకా అలాగే ఉంది. నాలుగు సున్నాల (0000, అంటే బాగా సన్నటి రకం) స్టీల్ పీచు పనికొస్తుందని కొందరంటారు. పనికొస్తుంది, కాదనను. కానీ తెగిన ఉక్కు పోగులు సందుల్లో ఇరుక్కుని, నాలుగు రోజులకి అవే తుప్పు పడతాయి. కూల్‌డ్రింక్ పోసి రుద్దమనే సలహా కూడా వింటుంటాం. అందులోని ఫాస్ఫారిక్ యాసిడ్ తుప్పుని కొంత కరిగిస్తుంది, కానీ అలా చేసేవాళ్ల చేతిలో ఫాయిల్ ఉంటుంది, గమనించండి. నీళ్లతోనే అయ్యే పనికి బండికి పంచదార పూయడం దేనికి?

పొర లేచిపోయిన భాగానికి ఇంట్లో మందు లేదు. పాత పూత తీసి, లోహాన్ని నునుపు చేసి, మళ్లీ పూత వేయించాలి. అది పూత పనివాళ్లకే వదిలేయండి. క్రోమ్ తొట్టెల్లో వాడే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకం, పెరట్లో చేసే ప్రయోగం కాదది.

4. పాలిష్, వాక్స్

బాగా ఆరాక గుడ్డ మీద బఠాణీ గింజంత క్రోమ్ పాలిష్ వేసి రాసి, ఇంకో గుడ్డతో తుడవండి. ఇది ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. వాక్స్ మాత్రం రెండు నెలలకోసారి, సముద్రపు గాలి తగిలే చోటైతే నెలకోసారి. వాక్స్ ఆ సూదిమొన గుంటల్లోకి దిగి నీళ్లని ఆపుతుంది. మెరుపు కోసమని చాలామంది పాలిష్ పదిసార్లు వేసి వాక్స్ మర్చిపోతారు. తిరగేసి చెయ్యాలి.

బైక్ సైలెన్సర్‌కి వాక్స్ వద్దు, వేడికి కాలి మరక పడుతుంది. దాని మీద బంగారు, నీలి రంగులు తేలడం తుప్పు కాదు, వేడికి పైపొర మారడం. దానికి పాలిష్‌లు వేరే దొరుకుతాయి, కానీ ఇంజిన్ అతిగా వేడెక్కుతుంటే వారంలో మళ్లీ వస్తుంది, ముందు దాని సంగతి చూడండి. కరిగి అంటుకున్న బూటు రబ్బరుని చాకుతో గీకకుండా, చల్లారాక చెక్క పుల్లతో కొంచెం కొంచెంగా తీయండి.

చివరగా, బంపర్ కిందకి వంగి లోపలి వైపు చూడండి. ఎవరూ చూడరు. అక్కడ పూత అంతంతమాత్రం, బురద మాత్రం అక్కడే చేరుతుంది, తుప్పు ఇనుముని వెనక నుంచి తినేసి ముందుకు వస్తుంది. తుప్పు పొడి బ్రష్‌తో దులిపి, ఆరాక తుప్పు నిరోధక ప్రైమర్ వేసి, పైన మామూలు రంగు కొట్టండి. ఇక్కడ మాత్రం గరుకు కాగితం మీ ఇష్టం వచ్చినంత వాడుకోవచ్చు.