ఐరన్ మాత్ర వేసుకునే ముందు

రక్తం తక్కువై నెలల తరబడి నీరసపడ్డవాళ్లకు ఐరన్ మాత్ర మేలు చేస్తుంది. కానీ చాలామందికి మొదట్లో కడుపులో తిప్పుతుంది. ఆ భయంతో మధ్యలో మానేయకండి, ముందు ఇవి చూసుకోండి.

• పరగడుపున వేసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, నిజమే. వికారం ఎక్కువైతే రెండు ఇడ్లీలు తిన్నాకే వేసుకోండి. కాస్త తక్కువ ఒంటబట్టినా వాంతి కన్నా నయం.

• కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర, గ్యాస్ మందు: వీటికీ దీనికీ కనీసం 2 గంటల ఎడం. బెంగళూరు దర్శినుల్లో (నిలబడి తినే చిన్న టిఫిన్ హోటళ్లలో) టిఫిన్ కాగానే చెయ్యి ఫిల్టర్ కాఫీ మీదకే పోతుంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. బదులు నిమ్మరసం తాగండి, అందులోని విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది.

• వేసుకున్న వెంటనే బెంగళూరు సిల్క్ బోర్డ్ జంక్షన్ లాంటి ట్రాఫిక్‌లోకి వెళ్లాల్సి వస్తే, మాత్రను రాత్రి భోజనం తర్వాతకు మార్చుకోండి. వేసుకోగానే పడుకోవద్దు.

• మలం నల్లబడితే టెన్షన్ వద్దు. తారులా జిగటగా ఉన్నా, కడుపునొప్పి వచ్చినా ఆలస్యం చేయకండి, డాక్టరుకు చూపించండి.

• అయినా వికారం తగ్గలేదా? డోసు తగ్గించవచ్చా, రోజు విడిచి రోజు వేసుకోవచ్చా అని డాక్టరునే అడగండి.

• డబ్బా పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టండి. ఎక్కువ మింగితే చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు.